కరువునాటి దేవాలయం

మెదకు అనే పేరు మెతుకు నుండి వచ్చినదని ఆ ప్రాంతపువారు చెప్పుకొంటారు. మెతుకుసీమ అని పిలుచుకొని మురిసిపోతారు. ఈ వ్యుత్పత్తి భాషావేత్తలకు సమ్మతమో కాదో గాని, చెరువుల కింద వరి పండే నేలకు ఆ పేరు తగనిది కాదు. అటువంటి సీమలో, మెతుకు కరవైన నాళ్లలో, ఆకలిగొన్న కూలీల చేతుల మీదుగా ఒక మహా దేవాలయం లేచినది. 1914లో పని మొదలైనది. పదేండ్లు సాగినది. 1924 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడు, ప్రతిష్ఠ జరిగినది. 2024 క్రిస్మసుకు దానికి నూరేండ్లు నిండినవి.

హైదరాబాదు నుండి మెదకుకు పోయేవారికి, దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణం ముగియక మునుపే, చెట్ల మీదుగా ఆ గంటల గోపురం కనపడుతుంది. దాని ఎత్తు 175 అడుగులు. దేవాలయం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఐదువేలమంది ఒక్కసారి కూర్చుండి ప్రార్థన చేసుకొనవచ్చునని అంటారు. గోడలకు చెక్కిన రాయి. నేలకు ఇంగ్లండు నుండి ఓడలమీద వచ్చిన రంగు పలకలు. వాటిని పరచుటకు ఇటలీ పనివారు. శైలి ఐరోపా మధ్యయుగాల గోథిక్ శైలి. నమూనా గీసినది బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే శిల్పుల సంస్థ. చుట్టూ మట్టిగోడల మీద తాటాకు కప్పిన ఇండ్లు ఉన్న కాలంలో ఈ కట్టడం ఎట్లు కనపడి ఉండునో ఊహించుకొనవలసినదే.

దీనిని గురించి కొన్ని అతిశయోక్తులు కూడ ప్రచారంలో ఉన్నవి. చార్మినారుకంటె ఎత్తుగా కట్టుచున్నారని నిజాం ప్రభువు అభ్యంతరం చెప్పెనని ఒక కథ. కథగా వినుటకు బాగున్నది. వాటికన్ తరువాత ఆసియాలో పెద్ద క్రైస్తవ మండలం ఇదేనని మరియొక మాట. వాటికన్ ఆసియాలో లేదన్న సంగతి ఆ మాట చెప్పేవారికి తట్టినట్లు లేదు. ఇటువంటి బిరుదులు ఏవీ లేకున్నను మెదకు దేవాలయానికి వచ్చే లోటు లేదు.

ఈ కట్టడం వెనుక నిలిచిన మనిషి చార్లెస్ వాకర్ పాస్నెట్. వెస్లియన్ మెథడిస్టు సంఘపు మిషనరీ. పందొమ్మిదవ శతాబ్ది చివరి యేండ్లలో మెదకు చేరి, పాఠశాలలు, వైద్యశాల, బోధకుల శిక్షణ మొదలైన పనులలో జీవితం గడిపినవాడు. ఆయన చుట్టూ చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఊరికి ఆవల వాడలలో నివసించేవారు. నిజాం రాజ్యపు పల్లెలలో వారి శ్రమలో కొంత భాగం వెట్టిగా పోయేది. పటేలు పిలిచినను, దొర పిలిచినను, సర్కారు ఉద్యోగి సామాను మోయవలసివచ్చినను కూలి అడిగే హక్కు లేదు. వానలు లేని ఏడు వచ్చినదా, మొదట పస్తులుండేది వారే. భూమి లేనివానికి కరువు మొదటి నెలలోనే వస్తుంది. భూమి ఉన్నవానికి గాదె అడుగు కనపడిన తరువాత వస్తుంది.

పాస్నెట్ దేవాలయ నిర్మాణాన్ని ఆ ఆకలికి పనిగా మలచినాడు. రాయి కొట్టేవారు, మోసేవారు, మన్ను తవ్వేవారు, నీరు పోసేవారు, పని చేసి తిండి సంపాదించుకొన్నారు. కట్టడం సాగిన పదేండ్లలోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ధరలు పెరిగినవి. 1918లో వానలు మొగం చాటువేసినవి. ఆ ఏడే ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చివేసినది. ఆ పదేండ్లలో మెదకు చుట్టుపట్ల పని దొరికే చోటు ఒకటున్నదన్న వార్తకు ఎంత విలువ ఉండెనో మన తాతముత్తాతల నోట కరువు కథలు విన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడనే ఒక ప్రశ్న తలయెత్తుతుంది. దానిని దాటవేసి ఈ ప్రసంగం ముందుకు సాగలేదు. ఆకలిగొన్నవారి నడుమ అంత అందమైన, అంత వ్యయమైన కట్టడం ఎందుకు? ఆ సొమ్ముతో ధాన్యం కొని పంచరాదా? ఒక చెరువు తవ్వించరాదా?

ఈ ప్రశ్న మెదకులో పుట్టినది కాదు. నాలుగవ శతాబ్దిలో మిలాను బిషప్ అంబ్రోజు యుద్ధ బందీలను విడిపించుటకు దేవాలయపు వెండి బంగారు పాత్రలను కరగించినాడు. కొందరు ఆక్షేపించగా, దేవునికి పాత్రలకంటె మనుషులు ముఖ్యమని తన పనిని సమర్థించుకొన్నాడు. పండ్రెండవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశంలో ఈ వివాదమే రెండు మహావ్యక్తుల రూపం దాల్చినది. క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు, 1125 ప్రాంతంలో వ్రాసిన ఒక లేఖాగ్రంథంలో, గోడలు మెరయుచుండగా బీదలు అలమటించుట ఏమి ధర్మమని నిలదీసినాడు. పారిసు సమీపాన సెయింట్ డెనిస్ మఠాధిపతి సుజేరు మాత్రం రంగుల గాజు గుండా వచ్చే వెలుగు మనసును దైవం వైపు లేవనెత్తుతుందని నమ్మి, 1144లో తన దేవాలయపు గర్భాలయాన్ని ఆ వెలుగుతో నింపినాడు. గోథిక్ శైలికి పుట్టిల్లు అదే అంటారు. మెదకు దేవాలయం వంశవృక్షంలో సుజేరు మూలపురుషుడైతే, దాని ఎదుట నిలిచి ప్రశ్నించే మనస్సాక్షి బెర్నార్డుది. ఇద్దరూ చర్చిలోపలివారే అన్నది గమనింపదగినది.

కరువులో పని కల్పించితిమి గదా అన్న సమాధానం మాకు చాలదని తోస్తుంది. పని కల్పించుటకే అయితే మన చరిత్రలో అంతకంటె ప్రయోజనకరమైన ఉదాహరణలు ఉన్నవి. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాకరువులో బకింగ్‌హాం కాలువ పనులు కరువు పనిగా సాగినవి. నెల్లూరు తీరపు పడవలు ఆ కాలువలో ఎంతకాలం నడచినవో మన పెద్దలు ఎరుగుదురు. 1833 నాటి నందన కరువులో గుంటూరు సీమ పాడుపడినది. అటువంటి కరువులు తెలుగు తీరాన్ని మరల మ్రింగకుండుటకే ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పనికి పూనుకొన్నాడు. 1852 నాటికి అది పూర్తియైనది. ఆకలిని వేరుతో తీసినది ఆ నీరు. దేవాలయమా, ఆనకట్టయా అని ఎవరైనా మమ్ము నిలదీస్తే ఆనకట్టయే అని సంకోచం లేకుండ చెబుతాము.

అయితే ఆ ప్రశ్నలో ఒక చిక్కు దాగి ఉన్నది. కాలువ తవ్వినవానికి కాలువ నీరు దక్కినదా? నీరు భూమి వెంట పారుతుంది. భూమి లేనివాని గుమ్మం దాక రాదు. పలుగు పట్టి మట్టి మోసిన మాలవాడు, మాదిగవాడు పని ముగిసిన మరునాడు అదే కాలువ కింది మరియొకరి పొలంలో కూలికి నిలబడినాడు. కరువులో చెరువు కట్టను బలపరచిన చేతులకు ఆ చెరువు రేవులో నీరు ముంచుకొనే అనుమతి లేని ఊళ్లు కోకొల్లలు. రాజస్థానంలో జోధపురపు మహారాజు 1929లో మొదలుపెట్టి 1943లో ముగించిన ఉమైద్ భవనం కూడ కరువుకూలీలకు పనియే. పని ముగిసినది, ప్రాసాదపు తలుపులు వారి వెనుక మూసుకొన్నవి.

మెదకులో ముగింపు వేరు. రాళ్లు మోసినవారు, పని ముగిసిన తరువాత, ముందు వాకిలి గుండా లోపలికి నడచినారు. ప్రక్క దారి లేదు. దూరాన నిలబడి దండం పెట్టుకొనే గీత లేదు. ఆ రంగుల నేల మీద కూర్చున్నారు, పాడినారు, బిడ్డలకు పేర్లు పెట్టుకొన్నారు, పెండ్లిండ్లు చేసుకొన్నారు. అస్పృశ్యతను రద్దుచేసిన రాజ్యాంగపు 17వ అధికరణం అమలులోనికి వచ్చినది 1950లో. అంతకు పాతికేండ్ల పైబడి ముందే ఈ వాకిలి తెరచి ఉన్నది. ఆ కాలపు మాల మాదిగ కుటుంబానికి ఊరిలో కాలుపెట్టగల అందమైన కట్టడం ఏది ఉండెను? గుడి కాదు, గడీ కాదు, కచేరీ అసలే కాదు. సౌందర్యం ఎప్పుడూ ఇతరుల గోడల వెనుకనే ఉండేది. గోడలు లోపల నుండి ఎట్లుంటవో వారు చూచిన మొదటి మహాసౌధం వారు కట్టినదే.

లక్నోలో నవాబు అసఫుద్దౌలా 1784 కరువులో మొదలుపెట్టించిన బడా ఇమాంబాడా కూడ ఇటువంటి జాతికే చెందుతుంది. ప్రార్థనకు, శోకస్మరణకు ప్రజలు చేరే స్థలం అది. పగలు సామాన్యులు కట్టినదానిని రాత్రి సిగ్గుపడే గొప్పింటివారు కూల్చి కూలి తీసుకొనేవారని దాని చుట్టూ ఒక చిత్రమైన కథ అల్లుకొన్నది. ప్రజలు తాము కట్టిన చోటికి కథలు అల్లుకొంటారు. కాలువలకు అంతగా అల్లరు.

ఇక రంగుల కిటికీల మాట. మెదకు దేవాలయంలో పెద్దవి మూడు. లండనుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటిని రూపొందించినాడు. క్రీస్తు స్వర్గారోహణ దృశ్యం 1927లోను, జనన దృశ్యం 1947లోను, సిలువ దృశ్యం 1958లోను అమరినవి. మొదటిదానికీ మూడవదానికీ నడుమ ముప్పదియొక్క ఏండ్లు. ఆ వ్యవధిలో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి 1947లో ఈ దేవాలయం ఒక బిషప్ పీఠమైనది, దేశం స్వతంత్రమైనది, నిజాం పాలన అంతరించినది, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించినది. కిటికీల వరుసలోనే చరిత్ర చదువుకొనవచ్చును.

చదువు అన్న మాట యాదృచ్ఛికంగా వాడినది కాదు. దాదాపు క్రీ.శ. 600లో రోము పోపు గ్రెగొరీ, మార్సెయి పట్టణపు బిషప్ సెరేనుసుకు వ్రాసిన ఉత్తరంలో, అక్షరం రానివారికి చిత్రమే గ్రంథమనే భావం వెలిబుచ్చినాడు. దేవాలయపు బొమ్మలను పగులగొట్టించిన సెరేనుసును మందలించుటకు వ్రాసిన ఉత్తరమది. ఈ కిటికీల కింద కూర్చున్న తొలి తరాలలో చదువు వచ్చినవారు కొద్దిమంది. వారికి ఆ గాజే పుస్తకం. పైగా ఇది సూర్యుడు తెరచి సూర్యుడు మూసే పుస్తకం. వెలుపలి నుండి చూస్తే నల్లని గాజు ముక్కలు మాత్రమే. లోపల నిలబడి, ఎండ కాసినప్పుడు చూస్తేనే నీలం, ఎరుపు, పసుపు రంగులు పలుకుతవి. సాయంత్రం చీకటి పడగానే మాయమవుతవి. ఎన్ని దీపాలు వెలిగించినను లోపలివారికి కనపడవు.

మేము ఒకసారి క్రిస్మసు కార్యక్రమం ధ్వనిముద్రణకై ఆ దేవాలయానికి పోయి ఉంటిమి. రేడియో వారికి కట్టడం కంటె ముందు దాని ధ్వని వినపడుతుంది. అంత పెద్ద రాతి మందిరంలో మాట మాటకూ ప్రతిధ్వని ముసురుకొనునని భయపడితిమి. ప్రతిధ్వనిని అణచేటట్లు పైకప్పును కట్టినారని అక్కడివారు చెప్పి మాకు ధైర్యం కలిగించినారు. మైకు ఎక్కడ నిలుపవలెనని మేము తర్జనభర్జన పడుచుండగా, ఒక ముసలమ్మ స్తంభం దగ్గర నిలబడి రాతిని చేత్తో నిమురుతున్నది. ఏమమ్మా అని అడిగినాము. “మా మామగారి నాయన మోసిన రాళ్లు నాయనా ఇవి. ఏది ఆయనదో తెలియదు. అందుకని అన్నిటినీ ముట్టి పోతా” అన్నది. ఆ మాటను ముద్రించుకొనుటకు అప్పటికి మా యంత్రం సిద్ధంగా లేదు. సిద్ధమైన తరువాత మరల చెప్పమంటే, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వి వెళ్లిపోయినది.

నమూనా గీసినవారి పేరు, గాజు చేసినవాని పేరు, పాస్నెట్ పేరు పుస్తకాలలో ఉన్నవి. రాయి మోసినవారి పేర్లు లేవు. ఇది మెదకు దోషం మాత్రమే కాదు, ప్రపంచంలోని ప్రతి మహాకట్టడపు దోషమే. అయినను పేదల దేవాలయమని చెప్పుకొనేచోట ఆ లోపం కొంచెం ఎక్కువగా గుచ్చుకొంటుంది.

మరియొక లోపం కూడ చెప్పవలెను. ఈ దేవాలయం పేదలకు దక్కినది గాని, పేదలు కోరి ఎన్నుకొన్న రూపం కాదు. బోల్టన్ పట్టణంలో గీసిన గీతలు, ఇంగ్లండు పలకలు, లండను గాజు. తెలుగునేల మీద లేచిన ఆ సౌందర్యంలో తెలుగు వాసన తక్కువ. ఈ సంగతిని లోతుగా ఆలోచించినవాడు మరియొకచోట, అదే నిజాం రాజ్యంలో, దోర్నకల్లులో ఉండెను. వేదనాయకం సామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునెల్వేలి జిల్లావాడు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ దేవాలయంలో ఆయనకు అభిషేకం జరిగినది; ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన మొదటి భారతీయుడాయన. ఆయన మండలంలోని విశ్వాసులలో కూడ అధికసంఖ్యాకులు మాల మాదిగ కూలీలే.

అజరయ్య కూడ అందమైన దేవాలయమే కోరినాడు. పూరిపాక చాలునని ఆయన అనలేదు. కాని గోథిక్ శిఖరాలు తెచ్చి నాటలేదు. దోర్నకల్లు దేవాలయానికి మసీదులను తలపించే గుమ్మటాలు, మన గుడి మంటపాలను తలపించే చెక్కుడు స్తంభాలు ఉన్నవి. ఏండ్ల తరబడి సాగిన నిర్మాణం ముగిసి, 1939 జనవరి 6వ తేదీన దానిని ప్రతిష్ఠించినారు. పేదవాడు పుచ్చుకొనేవాడుగానే మిగిలిపోరాదని, ఇచ్చేవాడు కూడ కావలెనని అజరయ్య పట్టుదల. క్రైస్తవుల దానధర్మాన్ని గురించి ఒక పుస్తకమే వ్రాసినాడు. వంట వండేముందు పిడికెడు బియ్యం తీసి వేరొక కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే ఆచారం మన పల్లె సంఘాలలో ఉన్నది. ఆ కుండ అడుగున ఉన్న ఆలోచన ఇదే. పిడికెడు తగ్గితే కడుపుకు తెలియకపోదు. ఇచ్చినవారు తెలిసియే ఇచ్చినారు. అట్లిచ్చిన ఇల్లాలికి గుడి మీద ఉండే హక్కు మరియొక విధంగా రాదు. 1945 జనవరి 1వ తేదీన అజరయ్య దోర్నకల్లులోనే కన్నుమూసినాడు.

రెండు దేవాలయాలలో ఏది మేలైనది అని పోల్చుటకు మేము పూనుకొనము. కంటికి మెదకు గంభీరం; మనసుకు దోర్నకల్లు సమీపం అని మాత్రం మా అభిప్రాయం. ఏ ఒక్కటీ పేదరికాన్ని పోగొట్టలేదు. వాడలోని కులభేదం కూడ వాకిలి దగ్గరనే ఆగిపోలేదు. మాల, మాదిగ తగవులు సంఘాలలోపలికి వచ్చి కూర్చున్న సందర్భాలున్నవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన క్రైస్తవంలో చేరినవారికి షెడ్యూల్డు కులాల సౌకర్యాలు లేకపోయినవి. ఆ తగవు నేటికీ తెగలేదు. రాతి స్తంభాలకు ఇవన్నీ పరిష్కరించే శక్తి ఉండునని ఎవరూ అనలేదు.

క్రిస్మసు ముందు రాత్రి మెదకు దేవాలయపు ఆవరణలో నడచి చూడవలెను. ఒకప్పుడు ఎడ్లబండ్లమీద, నేడు బస్సులలో, ఆటోలలో జనం వస్తారు. హిందువులు వస్తారు, ముసల్మానులు వస్తారు, మ్రొక్కుబళ్లు చెల్లిస్తారు. చెట్ల కింద దుప్పట్లు పరచుకొని, మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండుకొంటారు. చలికి బిడ్డలను కడుపులో ముడుచుకొని నిద్రిస్తారు. తెల్లవారుజామున గోపురం మీది గంట మ్రోగగానే, లేచి ముఖం కడుగుకొని, వాకిలి వైపు కదలుతారు. అప్పటికి కిటికీలు ఇంకను నల్లగానే ఉంటవి. లోపల చోటు దొరికినవారు, తూర్పున ఎండ పొడిచేదాక, వాటి వైపు చూస్తూ కూర్చుంటారు.